ఎమీలియమ్మ మాటలకు ఇంగ్లీషు

పెనుకొండ,
17 నవంబరు 2002.

ప్రియమైన పవిత్రకు,

అక్క జ్ఞానమ్మ దీవెనలు. ఏసునాథుని దయవల్ల ఇక్కడ మేమందరం మా పనులు మేము చేసుకునేంత ఆరోగ్యంతో ఉన్నాం. ఇటలీలో నువ్వూ, నీతో ఉండే సిస్టర్లూ, నువ్వు చూసుకునే ముసలమ్మలూ ఈ చలికి ఇబ్బంది పడకుండా ఉన్నారని నమ్ముతాను.

నీవి రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింటికీ జవాబు రాయలేదు. ఫోన్లో నువ్వు అడిగితే పని ఎక్కువగా ఉందన్నాను. పని ఎప్పుడూ ఉండేదే. ఈ రోజు గుడిలో పూజ అయ్యాక ఇంటికొచ్చి, ఇంకేదీ ముట్టుకోకుండా కలం పట్టుకున్నాను. ఎందుకంటే నీ ప్రయాణం గురించి మా మఠం మదర్ రోముకు ఒక ఉత్తరం రాయబోతున్నారు. అందులో నాలుగు ముక్కలే ఉంటాయి. అవి మీ పెద్దల ద్వారా నీకు తెలిసేలోపు, అసలేం జరిగిందో నా చేతిరాతలో నువ్వు చదవాలి. ఫోన్లో చెప్పే సంగతి కాదిది. బూత్ శంకరప్ప బిల్లు మిషను వైపు చూస్తున్నట్టే ఉంటాడు గానీ అతని చెవి మన మాటల మీదే ఉంటుంది.

జనవరిలో నువ్వు వస్తావని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. నువ్వూ అనుకుంటున్నావు. ఆ సంగతి దగ్గరికి నేను ఒక్కసారిగా రాలేను. కొంచెం ఓపిక పట్టి చదువు. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను.

అమ్మ సమాధికి ఆత్మల పండుగ ముందురోజే మీ బావ సున్నం కొట్టాడు. సిలువ మీద పేరు వెలిసిపోయి ఉంటే నల్లరంగుతో మళ్లీ రాయించాం. నీ పేరు చెప్పి ఒక కొవ్వొత్తి వేరుగా వెలిగించాను. గాలి ఎక్కువగా ఉండింది. అది కొండెక్కకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని ఫాదర్ ప్రార్థన ముగించేదాకా అక్కడే నిలబడ్డాను.

వాన సంగతి రాయడానికేమీ లేదు. ఈ ఏడు వేరుశనగ వేసినవాళ్లకు విత్తనం కూడా చేతికి రాలేదు. బస్సులో ఎర్రమంచి మీదుగా పోతుంటే చేలవైపు చూడబుద్ధి కాదు. మీ బావ మామూలుగానే పొద్దున రైలుకు హిందూపురం పోయి పట్టుగూళ్ల మార్కెట్లో తూకాలు చూసుకుని సాయంత్రానికి వస్తున్నాడు. ఎంత ఉతికినా ఆయన చొక్కాలకు ఆ గూళ్ల వాసన పోదు. నేను మఠం డిస్పెన్సరీలో పని ముగించుకుని డెట్టాలు వాసనతో వస్తాను. మీ ఇద్దరి పక్కన కూచుంటే అన్నం సహించదని పెళ్లికి ముందు మా శైలజ నవ్వేది. శైలజకు ఏడో నెల నడుస్తోంది. ధర్మవరంలో అల్లుడు పనిచేసే చీరల అంగట్లో బేరాలు తగ్గాయట. అయినా అతను దిగులు పడే మనిషి కాదు. అమ్మాయి బాగానే ఉంది. కాళ్లకు కొంచెం నీరు వస్తోంది.

పుట్టబోయే బిడ్డకు ఊలు టోపీ ఏ రంగుది తీసుకురావాలని అడిగావు. ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయి, నీ ఉత్తరం మడిచి పెట్టేశాను.

ఇక ఎమీలియమ్మ. ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. "అట్లే ఉంది" అని ఫోన్లో దాటేస్తూ వచ్చాను. ఆగస్టులో డిస్పెన్సరీ మెట్టు మీద పడిపోయిందని నీకు తెలుసు. మెదడులో రక్తం గడ్డకట్టిందని హిందూపురం నుంచి వచ్చే డాక్టరు చెప్పారు. ఎడమచెయ్యి బాగానే ఉంది, కుడిది పట్టు లేదు. మాట తిరిగొచ్చింది. కానీ తిరిగొచ్చింది మన మాట కాదని ఫోన్లో కొంత విన్నావు. నలభై ఏళ్లు ఈ ఊళ్లో మనలాగే మాట్లాడిన మనిషి. సంతలో చంటిబిడ్డల తల్లులను కొంగు పట్టుకుని ఆపి, "ఏమ్మే, బిడ్డకు సూది ఏపీకుండా యాడికి పోతాండావు?" అని గదమాయించిన మనిషి. ఆ తెలుగులో ఒక్క ముక్క మిగల్లేదు. ఇంగ్లీషూ పోయింది. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చుకున్న ఇటాలియను ఒక్కటే ఉంది. తర్వాత నేర్చుకున్నవి ముందు పోతాయట.

ఇటలీ నుంచి వచ్చిన సిస్టర్లలో ఇక్కడ మిగిలింది ఆమె ఒక్కతే. కొత్త మదర్ కేరళ నుంచి వచ్చి ఆరు నెలలైనా కాలేదు. తెలుగు ఇంకా పట్టుబడలేదు, మాతో ఇంగ్లీషులోనే నెట్టుకొస్తున్నారు. డాక్టరు సొంతూరు బెంగళూరు. కన్నడం, ఇంగ్లీషు ఆయనవి. ఇక నేను ఉన్నాను. బోర్డింగులో చదువుకునే రోజుల్లో వంటింట్లో ముగ్గురు ఇటలీ సిస్టర్ల మధ్య కూరలు తరుగుతూ విన్న మాటలు నాకు వచ్చు. ఉప్పు, నీళ్లు, కత్తి, జాగ్రత్త, చాలు, రేపు. వంటింటి ఇటాలియను. దాన్ని నా ఎస్సెల్సీ ఇంగ్లీషులోకి మార్చి మదర్‌కు చెప్పాలి. మధ్యలో అది నా తలలో తెలుగు గుండా పోతుంది. మూడు గడపలు దాటేసరికి ఆ మాట బాగా అలిసిపోయి ఉంటుంది.

అయినా చిన్న మాటలతో తంటా లేదు. ఆక్వా అంటే వాటర్. పానె అంటే బ్రెడ్. ఫ్రెద్దో అంటే కోల్డ్. నాకు తెలియని మాట వస్తే గుర్తుపెట్టుకుని నిన్ను ఫోన్లో అడిగేదాన్ని. నువ్వు ఇంగ్లీషులో చెప్పి, తెలుగులో చెప్పి, ఆ మాట అక్కడి ముసలమ్మలు ఎప్పుడు వాడతారో కూడా చెప్పేదానివి. నిజం చెప్పనా, తెలిసిన మాటలు కూడా కొన్నిసార్లు అడిగాను. ఊరికే నీ గొంతు ఇంకాసేపు వినబడుతుందని.

వంటమనిషి చౌడక్కకు ఈ వ్యవహారం అంతా వినోదంగా ఉంది. ఒకరోజు డాక్టరు ఇంగ్లీషులో గబగబా అడగడం, మదర్ దాన్ని నాకు నిదానంగా చెప్పడం, నేను ఎమీలియమ్మను అడగడం, మళ్లీ వెనక్కి చెప్పడం చూసి గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది. "ఏమక్కా, ఆయమ్మ మాట నీకు తెలుస్తాది, నీ మాట మదరమ్మకు తెలుస్తాది, మదరమ్మ మాట డాక్టరుకు తెలుస్తాది. సంగటి ఆరిపోతాండాది తినండని నేను అరిసే మాట మాత్రం ఈడ ఎవురికీ తెల్దు" అంది. డాక్టరు ఏమిటని అడిగారు. నేను దానికి కూడా ఇంగ్లీషు చెప్పాల్సి వచ్చింది.

నావల్ల ఒక పొరపాటు జరిగింది, విను. ఎమీలియమ్మ బీపీ మాత్రల సీసా చూపించి "ఫినీతా" అంది. అయిపోయాయి అని. మాత్రలు ఉన్నాయా అని మదర్ ఆఫీసులోంచి అడిగారు. మన ఇంట్లో ఉప్పుగానీ, బియ్యంగానీ, మందుగానీ అయిపోయిందని ఎవరం అనం కదా. నిండుకుందనే అంటాం. నా నోటికి అదే వచ్చింది, దాన్నే ఇంగ్లీషు చేశాను. "మెడిసిన్ ఈజ్ ఫుల్, మదర్" అన్నాను. ఆమె సంతోషించి, హిందూపురంలో కొనాల్సిన మందుల చీటీలోంచి ఆ మాత్రల పేరు కొట్టేశారు. మర్నాడు ఖాళీ సీసా చూసి డాక్టరు అడిగినప్పుడు నేను మన ఆచారం చెప్పుకున్నాను. మదర్ చాలాసేపు నవ్వారు. అప్పటినుంచి ఏ సీసా సంగతైనా నన్ను అడగడం మానేసి స్వయంగా వచ్చి ఊపి చూసుకుంటున్నారు.

పెర్మెస్సో సంగతి నువ్వు అడిగావు. ఏ గుడిసెకు పోయినా గుమ్మం బయట నిలబడి ఆ మాట అనకుండా ఎమీలియమ్మ లోపలికి అడుగుపెట్టేది కాదు. తలుపులేని గుడిసె ముందు కూడా అనేది. లోపలికి రావచ్చునా అని దానికి ఇంగ్లీషు చెప్పాను. ఇప్పుడు ఆమె మంచం మీద ఉంది గనుక ఆ మాట మేము అనాలని అనిపించింది. దుప్పటి తీసేముందు, పక్కకు తిప్పేముందు నేను అంటాను. నన్ను చూసి చౌడక్క కూడా "పెరిమిస్సో" అంటుంది. అది విన్నప్పుడల్లా ఎమీలియమ్మ పెద్దమనిషిలా తల ఊపుతుంది.

ఇంకొకటి పాత్సియెన్సా. ఇంగ్లీషులో పేషెన్స్ అని నువ్వు చెప్పావు. మదర్‌కు అట్లే చెప్పాను. తనకు ఓపిక ఇమ్మని ఎమీలియమ్మ దేవుణ్ణి అడుగుతోంది కాబోలని మదర్ పక్కన మోకరించి ప్రార్థన మొదలుపెట్టారు. ఆ సమయానికి ఎమీలియమ్మ అన్నది తన పాలలో ఈగ పడినందుకు. అది ఓపిక కాదు పవీ. వాన రాకపోతే, బస్సు పోతే, పిల్లలు పలక పగలగొడితే చెయ్యి ఇట్లా విదిలించి అనేది. అది మన "కానీలే". దానికి సరైన ఇంగ్లీషు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇట్లా ఎన్ని రాసినా అసలు సంగతి రాకుండా ఉండదు. రాస్తున్నాను.

అక్టోబరు మొదట్లో రోమునుంచి మదర్‌కు ఉత్తరం వచ్చింది. ఆరోగ్యం చెడిన ముసలి సిస్టర్లు కోరుకుంటే స్వదేశంలోని మఠానికి తిరిగి రావచ్చు, బలవంతం ఏమీ లేదు, సిస్టర్ ఎమీలియా ఇష్టం ఏమిటో ఆమెనే అడిగి రాయండి అని. వస్తానంటే తీసుకురావడానికి రెండు భాషలూ తెలిసిన సిస్టర్ పవిత్రను పంపుతాం, ఆమె ఒక నెల పెనుకొండలో ఉండి ప్రయాణానికి సిద్ధం చేస్తుంది అని. మదర్ ఆ ఉత్తరం నాకు చదివి వినిపించారు. నీ పేరు దగ్గరికి వచ్చాక మిగతాది నాకు వినపడలేదు.

ఆ మధ్యాహ్నమే అడిగాం. ఎమీలియమ్మ గంజి తాగి కొండవైపు కిటికీ దగ్గర కూచుని ఉంది. మదర్ కుర్చీలో కూచున్నారు. నేను కింద కూచుని, నాకొచ్చిన మాటలతోనే అడిగాను. ఇటలీకి పోతావా, ఇక్కడ ఉంటావా అని. ఆమె నావైపు వింతగా చూసింది. చిన్నబిడ్డ తెలివితక్కువ ప్రశ్న అడిగితే పెద్దవాళ్లు చూసే చూపు.

"రెస్తో క్వి" అంది.

ఇక్కడే ఉంటాను అని. ఇటాలియనులో అంతకంటే తేలిక మాట ఉండదు. దాని ఇంగ్లీషు కూడా మూడో తరగతి పిల్లకు తెలుసు. ఆ తర్వాత, నేనెక్కడికి పోతాను అని కూడా అంది. అని నా చెంప తట్టింది.

మదర్ ఏమంటున్నారని అడిగారు.

"షీ వాంట్స్ టు గో, మదర్" అన్నాను.

నిజమేనా అని ఆమె మళ్లీ అడిగారు. ఇన్నేళ్లు ఇక్కడున్న మనిషి గదా అని. అవును మదర్ అన్నాను. తల్లి భాష వచ్చాక తల్లి ఊరు గుర్తుకు రావడం సహజమేనని మదర్ తనకు తానే చెప్పుకుని, లేచి పోయి రోముకు రాశారు. ఎమీలియమ్మ ఇంకా నా చెయ్యి పట్టుకునే ఉంది.

ముందుగా అనుకుని చేసింది కాదు పవీ. అనుకోలేదు గనుక తప్పు తగ్గిపోతుందని రాయడం లేదు. ఆ మాట నాలో ఎప్పటినుంచో ఉన్నట్టుంది. నువ్వు బొంబాయి రైలెక్కిన రోజు ధర్మవరం స్టేషన్లో అమ్మ మాతో ఏమందో నీకు తెలియదు. రైలు కదిలిపోయింది. అమ్మ కళ్లు తుడుచుకుని, నా వైపు, నాయన వైపు తిరిగింది. "దేవునికి ఇచ్చిన బిడ్డ. ఎప్పుడొస్తావని ఎవురూ అడగద్దండి. మనం అడిగితే ఆ బిడ్డకు ఆడ కాలు నిలవదు" అంది. నాయన పోయేదాకా అడగలేదు. అమ్మా అడగలేదు. నువ్వు మాటపట్టు ఇచ్చి సిస్టరు అయినప్పటినుంచి నిన్ను మీరు అనే పిలిచింది. నువ్వు వచ్చింది ఒక్కసారి, శైలజ ఇంకా గౌన్లు వేసుకునే రోజుల్లో. మళ్లీ ఎప్పుడని రైలు దగ్గర నా నోటిదాకా వచ్చి ఆగింది. అమ్మ పోయిన రోజు పోస్టాఫీసులో టెలిగ్రాం రాసింది నేనే. తల్లి చనిపోయింది, ప్రార్థించు అని ఇంగ్లీషులో రాశాను. రా అనడానికి ఇంకొక్క చిన్న మాట చాలు. కాగితం మీద కలం పెట్టి, తీసేశాను.

ఇన్నేళ్లు నా నోటితో అడగని మాటను ఆ మధ్యాహ్నం ఎమీలియమ్మ నోట్లో పెట్టాను. ఆమెకు కాదనడానికి భాష లేదు. నేను చెప్పిందే ఆమె మాట. ఆ సంగతి నాకు తెలిసే చేశాను.

ఆ తర్వాత రెండు వారాలకు నువ్వు ఫోను చేశావు. బూత్‌లో నీ గొంతు బయటికి వినపడేంత గట్టిగా ఉంది. అక్కా, సంగటి తిని ఎన్నాళ్లయిందో, అందులోకి చెనిక్కాయల ఊరిబిండి నూరి పెట్టు అన్నావు. సరేలే అన్నాను. శంకరప్ప కూడా నవ్వాడు. ఇంటికి పోతూ దారంతా దేవుని స్తుతించాను. ఏ ముఖంతో స్తుతించానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఆదివారం వచ్చింది. చేసిన పాపం ఒప్పుకోకుండా దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి లేవలేకపోయాను. మోకాళ్ల మీదే ఉండిపోయాను. తర్వాతి ఆదివారమూ అంతే. "ఏమే, ఒంట్లో బాగలేదా?" అని మీ బావ అడిగాడు. తలనొప్పి అన్నాను. మూడో వారం ఆయన అడగలేదు. కాఫీ కలిపి నా ముందు పెట్టి, నా ఎదురుగా కూచున్నాడు. అయినా చెప్పలేదు.

మఠంలో పనులు మొదలయ్యాయి. పాస్‌పోర్టుకు ఫోటో కావాలని హిందూపురం నుంచి ఫోటోలతన్ని పిలిపించారు. తెల్లగుడ్డ వెనక కట్టి, ఆమెను నిటారుగా కూచోబెట్టారు. అటక మీంచి ఒక తోలుపెట్టె దించి, దుమ్ము దులిపి, ఆమె గదిలోనే గోడవారగా పెట్టారు. ఎమీలియమ్మ ఆ పెట్టెను చూస్తూ ఉండేది. పెర్కె అని అడిగింది నన్ను. ఎందుకు అని. నేను తల తిప్పుకుని దిండు సర్దాను.

ఆ రోజునుంచి ఆమె పిలవడం మానేసింది. ముందు మేము గమనించలేదు. నీళ్లు అడగదు, చలి అనదు. గిన్నె పెడితే ఎడమచేత్తో తనే తినాలని చూస్తుంది, సగం ఒళ్లో పోసుకుంటుంది, కొంగుతో తుడుచుకుంటుంది. డాక్టరు చూసి చాలా మెరుగు అన్నారు. చౌడక్క మాత్రం వంటింట్లో నన్ను ఆపింది. "మెరుగు లేదు, ఏం లేదు. ముసిలామెకు బయ్యం పట్టుకునిందక్కా. పెట్టె చూసినప్పట్నుంచి ఇట్లే. తను బరువైపోయిందని అనుకుంటాండాది. మా అత్తను మా మరిది ఇంటికి పంపిచ్చేటప్పుడు ఇట్లే చేసింది, గిన్నెలు తోమడానికి వంగింది, నడుం లేనామె" అంది. చౌడక్కకు ఇటాలియను ఒక్క ముక్క రాదు.

మొన్న గురువారం పొద్దున నేను గదిలోకి పోయేసరికి ఎమీలియమ్మ మంచం అంచున కూచుని ఉంది. దుప్పటి తడిసింది. దాన్ని ఒంటిచేత్తో మడిచి దిండు కింద దాచాలని చూస్తోంది. అది దూరడం లేదు. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. మనం బోర్డింగులో తప్పు చేసి పట్టుబడినప్పుడు నిలబడి చూసేవాళ్లమే, అట్లా చూసింది.

"సోనో బ్రావా, జ్ఞానా" అంది. "సోనో బ్రావా."

బ్రావా అని మన తల నిమిరేది గుర్తుందా, లెక్క సరిగ్గా చేస్తే, పక్కబట్టలు సరిగ్గా మడిస్తే. నేను బుద్ధిగానే ఉన్నాను అంటోంది. మనల్ని పెంచిన మనిషి నాతో అంటోంది.

మదర్ నా వెనకే వచ్చి ఉన్నారు. ఏమంటున్నారని ఎప్పటిలాగే అడిగారు.

"షీ ఈజ్ సేయింగ్, ఐ యామ్ గుడ్. డోంట్ సెండ్ మీ" అన్నాను.

రెండో ముక్క ఆమె అనలేదు. అది నేను కలిపింది. కానీ ఈసారి కలిపింది నిజం. మదర్ నా ముఖం చూశారు. అక్కడే, తడి దుప్పటి చేతిలో పట్టుకుని, ఇంగ్లీషు ఎంతవరకు వస్తే అంతవరకు, రాని చోట తెలుగులో, జరిగిందంతా చెప్పాను. నీ గురించి చెప్పాను. స్టేషను గురించి చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు గానీ ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

చివరికి, చెల్లెలిని చూసి ఎన్నాళ్లయిందని అడిగారు. పదకొండేళ్లు అన్నాను. రోముకు తాను రాయక తప్పదని, అయితే ముందు నువ్వు మీ చెల్లెలికి రాయి, నీ ఉత్తరం చేరేదాకా నాది ఆపుతానని చెప్పారు. పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, "రేపు ఏడు గంటలకు రావాలి. డాక్టరు వస్తారు. ఈమె మాట చెప్పడానికి ఇంకెవరున్నారు?" అన్నారు. అది కోపమో, క్షమించడమో నాకు తెలియలేదు. మలయాళంలో ఏమనుకున్నారో, ఇంగ్లీషులోకి అంతే వచ్చింది.

ఎమీలియమ్మ ముందు కింద కూచున్నాను. నువ్వు ఇక్కడే ఉంటావు, ఎక్కడికీ పోవు అని ఇటాలియనులో చెప్పాను. అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పాను. చౌడక్క వచ్చి ఆ తోలుపెట్టెను నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది. ఎమీలియమ్మ అది గుమ్మం దాటేదాకా చూసింది. అప్పుడు నీళ్లు అడిగింది. చెంబెడు తాగింది.

నిన్న ఫాదర్ దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకున్నాను. ఈ రోజు పూజలో సత్ప్రసాదం తీసుకున్నాను. మీ బావకు కూడా చెప్పాను. ఆయన "పవిత్రకు ఎవురు చెప్తారు?" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు జనవరిలో రావడం లేదు. ఆ మాట రాసేశాను. నీ తోటి సిస్టర్లకు ఇప్పటికే చెప్పుకుని ఉంటావు. వాళ్లు మనకోసం ఏవేవో కొని కూడా ఉంటారు. వాళ్లకు ఏం చెబుతావో నాకు తోచడం లేదు. ముసలామె మనసు మార్చుకుందని మాత్రం చెప్పకు. ఆమె మనసు ఒక్కనాడూ మారలేదు. ఇంకొకసారి ఆమె అనని మాట ఆమెకు అంటగట్టవద్దు. మా అక్క అబద్ధం చెప్పింది అని చెప్పు. ఆ మాట నేను పడతాను. టోపీ పోస్టులో పంపితే చాలు, ఏ రంగైనా సరే. అందులో నీ చేతి కుట్టు ఉంటే శైలజ సంతోషిస్తుంది.

నీకు కోపం వస్తుంది. రావాలి. చాలా రోజులు ఉత్తరం రాయకపోయినా నేను ఎందుకని అడగను. ఆశపెట్టి లాగేసుకున్నదాన్ని నేనే. నీకోసమే ఏడుస్తున్నానని రాసే హక్కు కూడా నాకు లేదు.

కానీ ఒకటి రాయాలి. మొన్నటినుంచి అదే ఆలోచిస్తున్నాను. అమ్మ మాట జవదాటకూడదని ఊరుకున్నాను. ఊరుకున్నది ఎక్కడికీ పోలేదు, చివరికి ఇంకొకరి నోటి గుండా దొంగలా బయటికొచ్చింది. ఒక నిస్సహాయురాలిని భయపెట్టింది. అంతకంటే నేనే అడిగి ఉంటే ఎవరికీ ఇంత చెడు జరిగేది కాదు. నీకు అక్కడ కాలు నిలవదేమోనన్న భయం అమ్మకు ఉండింది. నువ్వు నలభైకి దగ్గరపడ్డావు. నీ కాలు ఎక్కడ నిలవాలో నీకు తెలుసు.

అందుకని అడుగుతున్నాను. ఇది ఎమీలియమ్మ మాట కాదు, మదర్ మాట కాదు, ఇంకెవరి మాటా కాదు. నాకు నిన్ను చూడాలని ఉంది పవీ. ఇక్కడ ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఎవర్నీ నువ్వు వెంట తీసుకుపోనక్కర్లేదు. చెప్పుకోవడానికి కారణం ఏదీ లేదు. మీ పెద్దలు ఎప్పుడు ఒప్పుకుంటే అప్పుడు, ఒక్క వారానికైనా, ఊరికే వచ్చిపో. ఒప్పుకోకపోతే నిన్నుగానీ వాళ్లనుగానీ తప్పుపట్టను. అడిగాను, అంతే. అడగకుండా చచ్చిపోలేను.

ఈ కాగితాలు చించెయ్యకు. నీ జపపుస్తకంలో పెట్టుకో, ఎవరికీ చూపించకు. నేను చేసిన తప్పు అడిగినవాళ్లకల్లా చెప్పు, దాచేదేమీ లేదు. ఈ చివరి మాటలను మాత్రం ఏ భాషలోకీ మార్చి ఎవరికీ వినిపించవద్దు. అవి నీకు రాసినవి.

ఇట్లు,
నిన్ను మీరు అనలేని
నీ అక్క,
జ్ఞానమ్మ.